మీ బర్రెకు ఏ దున్న సెమెన్ వేసిండ్రు?



ఒక్క మాట అడుగుత. మీ కొట్టంలో ఇప్పుడు చూడితో ఉన్న బర్రె కడుపులో దూడకు తండ్రి ఎవరు? జాతి కాదు నేనడిగేది. ముర్రా అని అందరం చెప్తం. ఏ ముర్రా? దాని నంబరెంత? దాని తల్లి ఒక ఈతలో ఎన్ని లీటర్లు ఇచ్చింది? పెండ్లి సంబంధం చూసేటప్పుడు పిల్లగాని తాత ముత్తాతల దాకా ఆరా తీస్తం గదా. మరి పదేండ్లు మన కొట్టంలో ఉండే జీవానికి తండ్రి పేరు కూడా అడగం. 2020 దాకా నేనూ అంతే.

ఈ ప్రశ్న నన్ను అడిగింది పశువుల డాక్టర్ కాదు. కొత్తపేటల నేను పాలు పోసే ఇంటి పిల్లగాడు.

మాది అబ్దుల్లాపూర్‌మెట్ దాటినంక విజయవాడ రోడ్డు మీదికెళ్లి లోపలికి పోయే ఊరు. పదకొండు బర్రెలు, రెండు ఆవులు. పొద్దున నాలుగు గంటలకు పిండుడు మొదలుపెడితే ఐదున్నరకు క్యాన్లు బండికి కట్టుకొని బయల్దేరుత. హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్ చౌరస్తా, కొత్తపేట, చైతన్యపురి, ఆఖరుకు దిల్‌సుఖ్‌నగర్. పందొమ్మిదేండ్ల సంది ఇదే దారి. నేను మొదలుపెట్టిన నాడు ఈ రోడ్డు నడుమ మెట్రో పిల్లర్లు లేవు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కొత్తపేటలనే ఉండె. మామిడి సీజన్‌ల లారీల నడుమ నుంచి బండి తీసుడు ఒక సర్కస్. ఆ మార్కెట్ ముంగట టీ కొట్లకే నేను రోజుకు ఇరవై లీటర్లు పోసేటోన్ని. 2021ల మార్కెట్ మా దిక్కు బాటసింగారానికి వచ్చింది. మార్కెట్ దగ్గరైంది, గిరాకీ పోయింది. గది వేరే ముచ్చట.

ఆ పిల్లగాడు దిల్‌సుఖ్‌నగర్‌ల ఏదో కన్సల్టెన్సీ పట్టుకొని చదువుకు ఐర్లండ్ పోయిండు. 2019 డిసెంబర్ల సెలవులకొచ్చి, పొద్దున గిన్నె పట్టుకొని తనే కిందికి దిగిండు. "అంకుల్, నేను కూడా ఆడ ఆవుల దగ్గర పని చేస్తున్న" అన్నడు. నేను నవ్విన. నిజమేనట. శని, ఆదివారాలు ఊరి బయట ఒక రైతు దగ్గర కొట్టం కడిగే పని. ఆ రైతుకు నలభై ఆవులు. కానీ ఒక్క చుక్క పాలు పిండడట.

"మరి ఆవులెందుకు?" అన్న.

"దూడల కోసం అంకుల్. పాలన్నీ దూడే తాగుతది. ఎనిమిది తొమ్మిది నెలలు తల్లి వెంబడే ఉంటది. తర్వాత దూడను అమ్ముతడు, మాంసానికి పెంచేటోళ్లకు."

మన దగ్గర అట్లాంటి మంద ఉండదు. 1977 చట్టం సంది గోవధ నిషేధం, మన పద్ధతి వేరు, మన నమ్మకం వేరు. నేను వాళ్ల కూరను తప్పు పడుతలేను, ఒప్పు పడుతలేను. నన్ను ఆపింది వేరే సంగతి. పిల్లగాడు ఫోన్‌ల ఒక పుస్తకం తెరిచి చూపించిండు. అది ఎద్దుల పుస్తకం. ఒక్కో ఎద్దు బొమ్మ కింద ఇరవై అంకెలు. ఈ ఎద్దు దూడ పుట్టేటప్పుడు నూటికి ఎంతమందికి ఈత కష్టమైతది, దూడ ఎంత బరువు పెరుగుతది, దీని బిడ్డలకు పాలెట్లుంటయి, ఎన్ని రోజులు మోస్తది, అన్నీ. ఆ దేశంల అందరు రైతులూ తమ దూడల లెక్కలు ఒక్కచోటికి పంపుతరట. వాటిని కలిపి ఎద్దుకు ఒకటి నుంచి ఐదు దాకా చుక్కల గుర్తులు ఇస్తరట.

ఇంకో మాట చెప్పిండు, అది నా బుర్రల గుచ్చుకున్నది. ఆడ ఎద్దులకు రెండు రకాల మార్కులుంటయి. అమ్మేసే దూడ కోసమైతే ఒక లెక్క, ఇంట్ల ఉంచుకునే పెయ్య కోసమైతే ఇంకో లెక్క. ఒకే ఎద్దు రెండింటికీ మంచిది కావాలని లేదు. మొదటిసారి ఈనే పెయ్యకు ఆంగస్ అని చిన్న దూడ పుట్టే జాతి వేస్తరు. రెండు మూడు ఈతలైన పెద్ద ఆవుకే చారొలె, లిమూసిన్ లాంటి బరువు జాతులు వేస్తరు. బెల్జియన్ బ్లూ అని ఒకటున్నది, తొడలు చూస్తే పహిల్వాన్‌లెక్క ఉంటది, దాని దూడను తీయడానికి చాలాసార్లు కడుపు కోయాల్సి వస్తదట.

"మీరేం చూసి ఎంచుకుంటరు అంకుల్?"

"కొమ్ములు" అన్న. ఇద్దరం నవ్వినం. కానీ ఎల్బీనగర్ చౌరస్తా దాటేసరికి నా నవ్వు ఆగిపోయింది. లచ్చి యాదికొచ్చింది.

లచ్చి అంటే మా పెయ్య. నాటు ఆవుకు జెర్సీ సూది వేయిస్తే పుట్టింది. తల్లి తొందరగ పాలిడిస్తే మా బిడ్డ సీసతోని పాలు తాపి పెంచింది. ఎర్రగ, చిన్నగ, మేక లెక్క తిరిగేది. అది ఎదకొచ్చిన నాడు సూది వేసే తమ్ముడు వచ్చి చూసి, "అన్నా, పెయ్య సన్నగున్నది, ఈసారికి ఆపుదాం. లేదంటే జెర్సీయే వేద్దాం" అన్నడు. నేనే విన్లేదు. "పెద్ద జాతిది వెయ్యి తమ్మీ, హెచ్‌ఎఫ్ వెయ్యి, పాలెక్కువ రావాలె" అన్న. ఆ మాట అన్నది నా నోరే. ఇంకెవ్వరి మీదికి తోయడానికి లేదు.

2018 డిసెంబర్ల, రాత్రి పదకొండుకు నొప్పులు మొదలైనయి. కాళ్లు కనబడ్డయి, తల రాలేదు. రెండు గంటలు చూసినం. డాక్టర్ దొరికి వచ్చేసరికి మూడైంది. నలుగురం తాళ్లు కట్టి గుంజితే దూడ బయటికొచ్చింది, ఊపిరి లేదు. చూస్తే దూడ ఎంతున్నదనుకున్నరు, లచ్చి సగం ఉన్నది. ఆ గుంజుడుకు దాని ఎనక కాళ్ల నరాలు దెబ్బతిన్నయి. మళ్ల లేవలేదు. గోనె సంచులు కడుపు కింద వేసి పొద్దున, మాపున నలుగురం లేపేది. పక్కలు పుండ్లు పడకుండ వరిగడ్డి మందంగ పరిచి పక్క మార్చేది. పదకొండు రోజులు.

అప్పుడు మా బిడ్డ ఇంటర్ రెండో ఏడు, దిల్‌సుఖ్‌నగర్‌ల హాస్టల్. ఆ హాస్టల్ వంటగదికి పాలు పోసేది నేనే. రోజూ ఆరున్నరకు గేటు కాడికొచ్చి నిలబడేది. "నాయినా, లచ్చి ఈనిందా?" అని అడిగేది. "ఇంకా లేదు బిడ్డా" అని చెప్పి బండి తిప్పేటోన్ని. పదకొండు పొద్దులు అదే అబద్ధం. పన్నెండో పొద్దు గేటు కాడ బండి ఆపితే, నా మొఖం చూసి అది అడగనే లేదు.

ఈ ముచ్చట రాయొద్దని మొదలు మా బిడ్డనే అన్నది. మళ్ల తనే రాయమన్నది. అందుకే రాసిన.

సరే, అసలు సంగతికొస్త. పిల్లగాడు మళ్ల ఐర్లండ్ పోయిండు. నేను 2020 జనవరిల ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్న. ఒక్కో జీవానికి రెండు పేజీలు. చెవి ట్యాగు నంబర్ పైన రాసిన. మీకు ఎరికే, చెవికి పసుపు ట్యాగు మీద పన్నెండు అంకెలుంటయి. 2019 సెప్టెంబర్ల దేశమంతా కృత్రిమ గర్భధారణ కార్యక్రమం మొదలైనంక, సూది వేసినా ఆ నంబర్ మీదనే ఆన్‌లైన్ ఎక్కిస్తున్నరు. సర్కారు దగ్గర లెక్క ఉన్నది మంచిదే. కానీ పొద్దుగూకి ఎద కనబడ్డప్పుడు నాకు కావాల్సిన లెక్క నా గోడకు వేలాడాలె. కింద నాలుగు గీతలు: ఎదకొచ్చిన రోజు, గంట. సూది వేసిన రోజు, గంట. స్ట్రా నంబర్. ఈనిన రోజు, పెయ్యా దున్నా.

స్ట్రా నంబర్ అంటే ఏంది అని మా ఊర్లనే సగం మంది అడిగిండ్రు. నైట్రోజన్ డబ్బాలో సున్నాకు 196 డిగ్రీల కింద చలిలో ఉంచే సన్నటి గొట్టమే స్ట్రా. పావు మిల్లీలీటర్ పడుతది. దాని ఒంటి మీదనే సన్న అక్షరాలతోని జాతి, దున్న నంబర్, తయారైన తారీకు, ఏ కేంద్రం అన్నది అచ్చేసి ఉంటది. సూది వేసినంక ఆ గొట్టం పారేస్తరు. పారెయ్యకుండ అడుగుండ్రి. నేనైతే నోట్‌బుక్‌ల టేపు పెట్టి అంటిస్తున్న. మా ఇంటామె మొదట్ల "ఇదేం పిచ్చి" అన్నది. ఇప్పుడు నేను పాలకు పోయినప్పుడు సూది వేసే పిల్లగాడొస్తే ఆమెనే అడిగి తీసుకుంటది.

ఆ పిచ్చి మమ్ముల ఎట్ల కాపాడిందో చెప్త. 2020 ఫిబ్రవరిల మా ముసలి బర్రెకు సూది వేయించిన. డిసెంబర్ల పెయ్య దూడ పుట్టింది, మూడు వందల పది రోజులు మోసింది, లెక్క సరిపోయింది. మంచి పెయ్య, చుట్టలు తిరిగిన కొమ్ములు, నల్లగ మెరిసేది. 2023 ఎండాకాలం పోయినంక ఎదకొచ్చింది. సూది వేసే తమ్ముడు స్ట్రా తీసి గోరువెచ్చని నీళ్లలో వేసిండు. నేను నోట్‌బుక్ తెరిచి పాత గొట్టం పక్కన పెట్టి చూసిన. నంబర్ ఒక్కటే. అంటే తండ్రినే తెచ్చి బిడ్డకు వేయబోతున్నం. ఆయన తప్పు కాదు, ఆయన రోజుకు ఎన్ని ఊర్లు తిరుగుతడు, ఎన్ని బర్రెల తండ్రులను గుర్తుపెట్టుకుంటడు? ఆ స్ట్రా పక్కింటోళ్ల బర్రెకు పనికొచ్చింది. మా పెయ్యకు ఇరవై ఒక్క రోజులు ఆగి వేరే నంబర్ వేయించినం.

ఇట్ల మన ఊర్లల్ల ఎన్నిసార్లు జరిగి ఉంటదో. దూడలు బలహీనంగ పుడుతున్నయి, ఎద సరిగ్గ రావట్లేదు, చూడి నిలవట్లేదు అని దాణాను తిడుతం, నీళ్లను తిడుతం. దున్న నంబర్ చూడం.

ఊరి దున్నపోతు సంగతి కూడా ఇట్లనే. మా ఊర్ల అందరం కలిసి ఒకదాన్ని సాదినం. చూస్తే కన్ను తిరగనిచ్చేది కాదు. ఖర్చు లేదు, ఎద చూసే బాధ లేదు, అదే పసిగడుతది. ఆ సౌకర్యం చిన్నది కాదు, ఎందుకంటే బర్రె ఎద ఆవు లెక్క బయటికి కనబడదు, అరవదు, రాత్రి వచ్చి తెల్లారేసరికి పోతది. కానీ ఆ దున్న తిరిగిన ఏడాది మా వాడకట్టుల మూడు బర్రెలు ఏడు, ఎనిమిది నెలలకు ఈసుకపోయినయి. రక్తం పరీక్ష చేయిస్తే బ్రూసెల్లా. అది మనుషులకు కూడా అంటుతది, ఈసుకపోయిన దూడను, మాయను ఉత్త చేతులతోని ముట్టొద్దు. వీర్య కేంద్రాలల్ల ఉండే దున్నలకు ఈ రోగానికీ టీబీకీ ఇంకా కొన్నింటికీ తప్పకుండ పరీక్షలు చేస్తరు. మన రాష్ట్రానికి కరీంనగర్‌ల అట్లాంటి కేంద్రం ఉన్నది. ఊరి దున్నకు ఎవరు చేయిస్తరు? అప్పటి సంది నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు పెయ్య దూడలకు బ్రూసెల్లా టీకా వేయిస్తున్న. ఒక్కసారి వేస్తే చాలు. దున్న దూడలకు వేయరు.

ఇగ ఎద గంటలు. పొద్దున ఎద కనబడితే మాపున సూది, మాపున కనబడితే తెల్లారి పొద్దున. ఇది అందరికీ ఎరికైన లెక్కనే, కానీ చేసేది ఎవరు? నేను పొద్దున పాలకు పోయి పదింటికి వచ్చి, అప్పుడు తీగ చూసి, ఫోన్ చేస్తే ఆయన ఎప్పుడొస్తే అప్పుడు. మూడుసార్లు వేసినా కట్టలేదు, సెమెన్ మంచిది కాదు అని తిట్టినం. నోట్‌బుక్‌ల గంటలు రాసినంక తెలిసింది, సగానికి సగం సూదులు ఆలస్యంగ పడ్డయి. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు ఒకసారి, మూడున్నరకు లేవంగనే ఒకసారి టార్చి పట్టుకొని తోకల కింద చూస్త. దొంగ లెక్క.

ఆడదూడ సెమెన్ గురించి చానామంది అడుగుతున్నరు. అదే, వేస్తే నూటికి తొంభై పెయ్యలే పుడుతయనేది. నేను మూడు జీవాలకు వేయించిన. రెండు కట్టలేదు, ఒకటి కట్టింది, పెయ్య పుట్టింది. అబద్ధం కాదు, పని చేస్తది. కాకపోతే మామూలు స్ట్రాలో కోట్ల లెక్కన కణాలుంటే దాంట్ల లక్షల లెక్కనే ఉంటయి, కట్టే ఛాన్సు తక్కువ. ఎద సరిగ్గ వచ్చే, ఒంట్లో సత్తువ ఉన్న జీవానికే వేయించుండ్రి. మూడుసార్లు తిరగబెట్టిన ముసలి బర్రెకు వేయించి పైసలు పోయినయి అనొద్దు.

దీని ఎనక ఇంకో సంగతున్నది, మనం పైకి మాట్లాడంది. పెయ్యలే ఎందుకు కావాలె మనకు? దున్న దూడ పుడితే ఏం చేస్తం? నేను చేసిందే చెప్త. పొదుగు చేపడానికి నాలుగు గుంజులు తాగనిచ్చి పక్కకు కట్టేసేటోన్ని. నెల రోజులకు డొక్కలు తేలేది. రెండో నెలకు పోయేది, లేకుంటే ఎవరికో ఇచ్చేది. పిల్లగాడు "ఆడ పాలన్నీ దూడకే" అన్ననాడు నాకు తల కొట్టేసినట్టయింది. కోతకు పెంచేటోడు దూడకు కడుపు నిండ తాపుతున్నడు. జీవహింస వద్దనే నేను ఆకలికి చంపుతున్న. ఇప్పుడు మా కొట్టంల దున్న దూడకు రెండు నెలలు ఒక చన్ను వదిలేస్తున్న. లీటరో లీటరున్నరో పోతది. దిల్‌సుఖ్‌నగర్‌ల లీటరు ధర తెలిసినోనికి అది చిన్న లెక్క కాదు. అయినా వదిలేస్తున్న.

చూసి ఎంచుకుంటే ఏమైతదో మనకు చెప్పడానికి ఐర్లండ్ దాకా ఎందుకు, ఒంగోలు ఉన్నది. బ్రెజిల్‌ల నెలోర్ అంటరు, మన నెల్లూరు పేరే. వందేండ్ల పైనుంచి మన ఎద్దులు ఓడలెక్కి పోయినయి. 1960ల మొదట్ల ఒంగోలు దగ్గరి కరవది ఊరి నుంచి పోయిన ఎద్దుకు ఆ ఊరి పేరే పెట్టుకున్నరు, కర్వాది అని. ఇయ్యాల కూడా ఆడి రైతులు దాని వంశం చెప్పుకుంటరు. వాళ్లు ఒక్కో దూడను తూకం వేసి, రాసి, మంచి దాని బిడ్డలను ఉంచి, తక్కువ దాన్ని తీసేసి మాంసం జాతిగా మార్చుకున్నరు. వయాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ నాలుగు మిలియన్ డాలర్లు దాటిందని పేపర్లల్ల చూసే ఉంటరు. మన దగ్గర ట్రాక్టర్ వచ్చినంక అదే జాతి ఎడ్లను బండలాగుడు పందాలప్పుడే యాది చేసుకుంటున్నం. వాళ్లు చేసింది మాయ కాదు, రాసుకున్నరు.

మన తెలంగాణకూ ఒక జాతి ఉన్నది, అమ్రాబాద్ దిక్కు పొడతూర్పు. మచ్చల పశువు, గుట్టల మీద మేసి బతుకుతది, దుక్కికి దానంత గట్టిది లేదు. అది ఉన్నోళ్లు దయచేసి హెచ్‌ఎఫ్ సూది వేయించకుండ్రి. పాలూ రావు, పనీ పోతది.

ఇయ్యాల ఎందుకు ఇంత రాసిన అంటే, కొట్టంల ఇంకో పెయ్య ఎదకొచ్చింది. జెర్సీ క్రాస్, ఎర్రదే. లచ్చి తల్లికే ఆఖరు ఈతల పుట్టింది. రెండుసార్లు ఎదకొచ్చినా వదిలేసిన. మా ఇంటామె కోపానికొచ్చింది, నెలకు నెల ఉత్త మేత అని. కానీ టేపు పెట్టి కొలిచేదాక ఆగుదామన్న. లెక్క సులువే. ముంగటి కాళ్ల ఎనక ఛాతి చుట్టు ఎన్ని అంగుళాలో చూసి, ఆ అంకెను దాంతోనే గుణించాలె. భుజం మొన నుంచి పిర్ర ఎముక దాక పొడుగు కొలిచి దానితోని మళ్ల గుణించాలె. వచ్చినదాన్ని 660తోని భాగిస్తే అందాజు కిలోలు. దీనికి మొన్న చుట్టు అరవై, పొడుగు నలభై ఎనిమిది వచ్చింది. 261 కిలోలు. క్రాస్ పెయ్యకు ఇంత చాలు. ముర్రా పెయ్య అయితే మూడు వందలు దాటినంకనే వేయించుండ్రి.

పొద్దున నాలుగింటికి తీగ కనబడ్డది. ఎల్బీనగర్ చౌరస్తాల బండి ఆపి సూది వేసే తమ్మునికి ఫోన్ చేసిన. సాయంత్రం ఐదింటికి వస్తనన్నడు. "జెర్సీ స్ట్రాలు మూడు నంబర్లున్నయి అన్నా, ఏది తేవాలె?" అని ఆయనే అడిగిండు. ఇన్నేండ్లల్ల అట్ల అడుగుడు మొదటిసారి. మూడూ నాకు పంపమన్న. ఒకటి దీని తండ్రిది, పక్కకు పెట్టిన. మిగిలిన రెండింట్ల ఒకదాని దూడలు మా మండలంల ఎవరింట్లన్నా పుట్టి ఉంటే, మొదటి ఈత పెయ్యకు సులువుగ ఈనిందా లేదా నాకు ఫోన్ చేసి చెప్పుండ్రి. ఐదింటి లోపు.